ఇంటికి పిలాటిస్ రిఫార్మర్: ఏది కొనాలి, ఏది వద్దు, వెంట ఏమేం కావాలి

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఎనిమిది నెలలుగా స్టూడియోలో రిఫార్మర్ (స్ప్రింగుల బిగువు మీద పిలాటిస్ వ్యాయామాలు చేసే, మంచంలాంటి మిషన్) క్లాసులకి వెళ్తున్నారు, క్లాసుకి 900 చొప్పున వారానికి మూడు. ఆ డబ్బుతో ఇంట్లోనే మిషన్ పెట్టుకోవచ్చు కదా అనిపించింది. ఆన్‌లైన్‌లో మడతపెట్టే రిఫార్మర్ ఒకటి 75 వేలకి చూశారు. బడ్జెట్ లక్షన్నర దాకా. మీ ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, మీవారు 5 అడుగుల 11 అంగుళాలు, 92 కిలోలు. 68 ఏళ్ళ అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ఆవిడ కూడా వాడొచ్చా అని. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య అక్కణ్ణుంచి పంపిస్తానంటున్నారు. చివర్లో, రెక్సిన్ ఏ రంగుది తీసుకోవాలి అని.

సూటిగా చెప్తాను. ఆ మడత మిషన్ వద్దు. మీ ఇంట్లో వాడబోయే మనుషులకి నిడివి పూర్తిగా ఉన్నది, మడత పడనిది, నిజమైన స్ప్రింగులున్నది కావాలి. లక్షన్నరలో అది దొరుకుతుంది. మన దేశంలో తయారైన చెక్క ఫ్రేమ్‌ది కొత్తది తీసుకోవచ్చు, లేదా స్టూడియోలో వాడిన మంచి కంపెనీది సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చు. డబ్బంతా మిషన్ మీదే పెట్టేయకండి, పాతిక వేలు పక్కన ఉంచండి. యాక్సెసరీల్లో మిషన్‌తో పాటే కొనాల్సింది ఒక్కటే: బాక్స్, అంటే మిషన్ మీద పెట్టుకుని కూర్చోవడానికో బోర్లా పడుకోవడానికో వాడే పెట్టె. అత్తగారు వాడొచ్చు గానీ ఒంటరిగా కాదు. అన్నయ్యగారు పంపడం మాత్రం వద్దు.

నేను ఫిజియోథెరపీ చదివి ఆ తర్వాత పిలాటిస్ వైపు వచ్చినదాన్ని. విశాఖలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. మిషన్లు అమ్మను, ఎవరి దగ్గరా కమీషన్ తీసుకోను. కొనేముందు ఫోటోలు పంపి అడిగేవాళ్ళకీ, కొన్నాక "ఇది చప్పుడు చేస్తోంది, ఒకసారి వచ్చి చూడండి" అని పిలిచేవాళ్ళకీ చెప్పేదే మీకూ చెప్తున్నాను.

మీరు డబ్బు పెట్టేది రెండిటి మీదే: స్ప్రింగులు, క్యారేజ్ నడక. మిగతాదంతా వీటిని మోసే చట్రం. రిఫార్మర్‌కి కరెంటు లేదు, మోటారు లేదు. పట్టాల మీద కదిలే ఒక పరుపు (క్యారేజ్ అంటే ఇదే), దాన్ని లాగి పట్టుకునే నాలుగైదు స్ప్రింగులు, కాళ్ళు ఆనించే ఫుట్‌బార్, చేతులకో కాళ్ళకో తగిలించుకునే తాళ్ళు, అంతే. అమ్మేవాళ్ళ పేజీల్లో మాత్రం ఎల్ఈడీ కౌంటర్, ఫోన్ హోల్డర్, ఉచితంగా ఇచ్చే పన్నెండు వస్తువులు పెద్దక్షరాల్లో ఉంటాయి. స్ప్రింగు ఎక్కడ తయారైందో, విడిగా మళ్ళీ దొరుకుతుందో ఒక్క ముక్క కూడా ఉండదు.

మీరు చూసిన 75 వేల మిషన్ ఫోటో జాగ్రత్తగా చూడండి. దాంట్లో ఉన్నవి స్ప్రింగులు కావు, గుడ్డ తొడిగిన రబ్బరు తాళ్ళు. బంజీ కార్డులంటారు. వాటితో చెమట పడుతుంది, కాదనను. కానీ పిలాటిస్‌లో అసలు పని తోసేటప్పటికన్నా తిరిగొచ్చేటప్పుడు జరుగుతుంది. స్ప్రింగు సాగినకొద్దీ లాగుడు ఒక లెక్క ప్రకారం పెరుగుతుంది. వదిలేటప్పుడు అదే లెక్కలో వెనక్కి లాగుతుంది. మీరు దాన్ని అడుగడుగునా అడ్డుకుంటూ, నెమ్మదిగా, చప్పుడు లేకుండా క్యారేజ్‌ని మొదలైన చోటికి చేర్చాలి. పొట్ట, నడుము పనిచేసేది అక్కడ. రబ్బరు తాడు చివరి నాలుగు అంగుళాల్లో వదులైపోతుంది, అడ్డుకోవడానికి ఏమీ మిగలదు. పైగా రబ్బరుకి ఎండ పడదు. మన మే నెల రెండుసార్లు గడిచేసరికి బిగువు తగ్గుతుంది, అదీ అన్నీ ఒకేలా తగ్గవు. కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా లాగే మిషన్ మీద ఏడాది చేస్తే మీ నడుము ఎటు తిరుగుతుందో ఊహించుకోండి.

"మరి దాని మీద కూడా పిలాటిస్ రిఫార్మర్ అనే రాశారుగా" అంటారు. ఆ పేరుకి కాపలా లేదు. ఈ పద్ధతి కనిపెట్టిన జోసెఫ్ పిలాటిస్ 1883లో జర్మనీలో పుట్టి, 1920ల్లో న్యూయార్క్ చేరి, 1967లో పోయేదాకా అక్కడే నేర్పించాడు. తర్వాత ఆ పేరు ఎవరి సొత్తు అని అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. అది ఎవరి ట్రేడ్‌మార్కూ కాదు, యోగా అన్నట్టే మామూలు మాట అని 2000లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తేల్చేసింది. కాబట్టి పెట్టె మీది పేరు చూసి నాణ్యత లెక్కగట్టలేం.

స్ప్రింగుల గురించి ఇంకో మాట, ఇది ఇంట్లో చేసేవాళ్ళకి చాలా ముఖ్యం. వాటి బిగువు తెలియడానికి వేసే రంగుల్ని నమ్మకండి. బ్యాలెన్స్‌డ్ బాడీ కంపెనీ మిషన్ల మీద తేలిక నుంచి బరువుకి వరస ఇలా ఉంటుంది: పసుపు, నీలం, ఎరుపు, ఆకుపచ్చ. వేరే కంపెనీల రంగులు వేరు. పాత సంప్రదాయం ప్రకారం చేసే మిషన్లలో అయితే అన్నీ ఒకే బిగువు, రంగుల తేడాయే ఉండదు. మీరు స్టూడియోలో "ఒక ఎరుపు, ఒక నీలం" అని అలవాటుపడి ఉంటారు. ఇంటికి వచ్చే మిషన్ మీద అదే ఎరుపు ఇంకా గట్టిదో, మెత్తదో అవ్వొచ్చు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన రంగులు పెట్టుకుని చేయడమూ అంతే ప్రమాదం. మిషన్ వచ్చాక మొదటి వారం పనల్లా ప్రతి స్ప్రింగునీ విడిగా తగిలించి, పడుకుని తోసి, ఒళ్ళు ఏమంటుందో ఒక కాగితం మీద రాసుకోవడం. ఆ కాగితం గోడకి అంటించుకోండి.

మీవారికి కూడా ఒక మాట. ఎన్ని ఎక్కువ స్ప్రింగులు పెడితే అంత మొనగాడితనం అనుకునేవాళ్ళు, ముఖ్యంగా జిమ్ నుంచి వచ్చే మగవాళ్ళు, మొదటి రోజే ఐదూ తగిలించేస్తారు. పడుకుని కాళ్ళతో తోసే ఫుట్‌వర్క్‌కి బరువు పెంచితే కష్టం పెరుగుతుంది, నిజమే. కానీ చేతులు ఫుట్‌బార్ మీద, కాళ్ళు క్యారేజ్ మీద పెట్టి ప్లాంక్‌లో నిలబడినప్పుడు అంతా తిరగబడుతుంది. ఎక్కువ స్ప్రింగులుంటే క్యారేజ్ మిమ్మల్ని పట్టుకుంటుంది. ఒక్క తేలిక స్ప్రింగు మీద అది కాళ్ళ కింద నుంచి జారిపోతుంటుంది, పట్టుకోవాల్సింది మీ పొట్టే. అందుకే కొనేటప్పుడు "గట్టి స్ప్రింగులు ఎన్ని" అని కాదు, "బాగా తేలికది కనీసం ఒకటుందా" అని అడగండి. చవక మిషన్లలో అన్నీ మధ్యరకం స్ప్రింగులే పెట్టి ఊరుకుంటారు. మీ అత్తగారి చేతులకి గానీ, మీవారి ప్లాంక్‌కి గానీ పనికొచ్చేది ఆ తేలికదే.

ఇక నిడివి. పూర్తి సైజు రిఫార్మర్ ఎనిమిది అడుగులకి అటూ ఇటూ ఉంటుంది, వెడల్పు రెండుంపావు అడుగులు. మడత మిషన్లలో చాలావాటికి క్యారేజ్ నడిచే దూరం తక్కువ. మీ 5 అడుగుల 2 అంగుళాలకి అది సరిపోయినట్టే ఉంటుంది. మీవారు తోసేసరికి మోకాళ్ళు పూర్తిగా చాపకముందే క్యారేజ్ చివరికి వెళ్ళి ఠక్కున కొట్టుకుంటుంది. మోకాలు సగం వంగి ఉండగా ఆ దెబ్బ తగలడం మంచిది కాదు. మధ్యలో కీలు ఉన్న ఫ్రేమ్ మీద 92 కిలోల మనిషి కదిలితే, కీలు దగ్గర పట్టా కొద్దిగా కుంగి, ప్రతిసారీ వీపు కింద చిన్న గతుకు తెలుస్తుంది. మిషన్ ఎంత బరువు మోస్తుందో కాగితం మీద రాసి ఇమ్మనండి. ఆ అంకె మనిషి బరువుకి దగ్గరగా ఉంటే కాదు, బాగా పైన ఉంటేనే తీసుకోండి.

మీ ఇద్దరి మధ్య తొమ్మిది అంగుళాల తేడా ఉంది కాబట్టి మార్చుకోగల అమరికలు చూడాలి. ఫుట్‌బార్ కనీసం మూడు ఎత్తుల్లో నిలబడాలి. క్యారేజ్ ఎక్కడినుంచి మొదలవ్వాలో మార్చే స్టాపర్ ఉండాలి. తాళ్ళ పొడవు ముడులు విప్పకుండా మార్చగలగాలి. హెడ్‌రెస్ట్ పైకీ కిందకీ వంగాలి. ఇవి లేకపోతే మిషన్ మీ ఇద్దరిలో ఒకరిదే అవుతుంది.

చూడకుండా, పడుకోకుండా కొనకండి. ఇదొక్కటీ గట్టిగా చెప్తాను. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలనుకున్నా, ముందు అదే మోడల్ ఉన్న స్టూడియో ఎక్కడుందో అమ్మేవాళ్ళనే అడిగి వెళ్ళి చూడండి. అక్కడ చేయాల్సింది ఇది. ముందు స్ప్రింగులన్నీ తీసేయించి, ఖాళీ క్యారేజ్‌ని ఒక్క వేలితో తోయండి. చివరిదాకా చప్పుడు లేకుండా పోవాలి. ఎక్కడైనా కరకరలాడినా, ఆగి కదిలినా చక్రాలు గానీ పట్టా గానీ బాగాలేవు. తర్వాత ఒక మధ్యరకం స్ప్రింగు తగిలించి, పడుకుని, కళ్ళు మూసుకుని తోయండి. రావడం బాగా నెమ్మదిగా రండి. పక్కలకి ఊగుతోందా అన్నది కళ్ళు మూసుకుంటేనే తెలుస్తుంది. పడుకున్నప్పుడు భుజాలు ఆనే దిమ్మల మధ్య మెడకి ఇరుకు ఉందేమో చూడండి. తాళ్ళు రెండూ పట్టుకుని లాగితే రెండు చేతులకీ ఒకేసారి బిగువు తగలాలి. ఆఖర్న మీవారిని క్యారేజ్ మీద మోకాళ్ళ మీద కూర్చోమని, మీరు కింద వంగి ఫ్రేమ్ కాళ్ళు చూడండి. కాళ్ళు వణకకూడదు. ఇదంతా పావుగంట పని. ఆ పావుగంట చేయనివ్వని దుకాణంలో లక్ష రూపాయలు పెట్టక్కర్లేదు.

ఇప్పుడు ఇల్లు. మిషన్ నచ్చినా ఇంట్లోకి రాకపోవడం నేను చాలా చూశాను. ఎనిమిది అడుగుల ఫ్రేమ్ మామూలు అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పట్టదు. మెట్ల మలుపుల దగ్గర తిరగాలి, మెయిన్ డోర్ దాటాక బెడ్‌రూమ్ తలుపు దగ్గర మళ్ళీ తిరగాలి. కొన్ని కంపెనీలు ఫ్రేమ్‌ని రెండు ముక్కలుగా పంపి ఇంట్లో బిగిస్తాయి. అప్పుడు ఆ అతుకు మీద క్యారేజ్ గతుకు లేకుండా నడుస్తోందో లేదో చూసుకుని గానీ బిగించడానికి వచ్చినవాళ్ళని పంపకండి. గదిలో మిషన్ చుట్టూ ఒక్కోవైపు రెండేసి అడుగులు ఖాళీ కావాలి, చేతులు పక్కకి చాపినప్పుడు బీరువా తగలకూడదు కదా.

బాల్కనీలో పెడదామనుకుంటే మానేయండి. ఎండావానల సంగతి అటుంచితే, బాల్కనీ నేలకి నీళ్ళు పోవడానికి వాలు ఇస్తారు. స్ప్రింగు తీయగానే క్యారేజ్ దానంతటదే నడిచిపోతుంది. గదిలో పెట్టినా మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి పట్టా మీద పెట్టి చూడండి, ఫోన్‌లో ఉన్నదైనా పర్లేదు. టైల్స్ మీద కాళ్ళ కింద రబ్బరు ముక్కలు వేయాలి, లేకపోతే మిషన్ మొత్తం రోజుకి కాస్త చొప్పున గోడ వైపు జరుగుతుంది.

సీలింగ్ ఫ్యాన్ చూసుకోండి. విదేశీ వీడియోల్లో ఈ మాట పెద్దగా వినపడదు. రిఫార్మర్ పరుపు మామూలుగా నేలకి 14 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మీవారు దాని మీద నిలబడి చేతులు పైకెత్తితే వేళ్ళ కొసలు ఎనిమిదిన్నర అడుగులు దాటతాయి. మన ఫ్లాట్లలో ఫ్యాన్ రెక్కలు చాలాచోట్ల ఆ ఎత్తులోనే తిరుగుతుంటాయి. ఫ్యాన్‌కి నేరుగా కింద కాకుండా పక్కకి జరపండి, లేదా గోడ ఫ్యాన్ పెట్టించండి. ఇదే కారణంగా కాళ్ళు ఎత్తుగా ఉండే మోడల్ తీసుకునేముందు ఆలోచించాలి.

ఆ ఎత్తు దగ్గరే మీ అత్తగారి విషయం వస్తుంది. 14 అంగుళాల ఎత్తు నుంచి మోకాళ్ళ నొప్పులున్న మనిషి లేవడం కష్టం. రెండడుగుల ఎత్తు కాళ్ళున్న మోడల్ అయితే మంచం మీద కూర్చున్నట్టే కూర్చుని, పక్కకి ఒరిగి పడుకోవచ్చు. మీవారికేమో తక్కువ ఎత్తు మేలు. మీ ఇంట్లో అయితే నేను అత్తగారి వైపే మొగ్గుతాను. మీవారు నిలబడి చేసేవి నేల మీద చేసుకుంటారు, ఆవిడకి వేరే దారి లేదు.

మోకాళ్ళకి ఫుట్‌వర్క్ మంచిదే. ఒంటి బరువు మోకాళ్ళ మీద పడకుండా, పడుకుని, తేలిక బిగువు మీద కాళ్ళు చాచి ముడవడం వల్ల తొడ కండరాలు గట్టిపడతాయి. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో ఎక్కువమందితో మొదలుపెట్టేది అదే. అయితే రెండు షరతులు. ఒకటి, ఆ వయసు ఆడవాళ్ళకి ఎముకల బలం చూసే డెక్సా పరీక్ష చేయించకుండా మొదలుపెట్టకండి. ఎముకలు పలచబడి ఉంటే నడుము ముందుకి వంచి గుండ్రంగా తిప్పే వ్యాయామాలన్నీ బంద్, అవి వెన్నుపూసల మీద ఒత్తిడి పెంచుతాయి. బీపీ ఉంటే తల కిందకీ నడుము పైకీ ఎత్తేవీ వద్దు. రెండు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ స్ప్రింగులన్నీ తగిలించి ఉండాలి. రిఫార్మర్ మీద జనం పడేది వ్యాయామంలో కన్నా దిగేటప్పుడే. స్ప్రింగు లేని క్యారేజ్ మీద చెయ్యి ఆనించి లేవబోతే అది జారిపోతుంది. ఆవిడ దిగి నిలబడేదాకా ఇంకొకరు పక్కన ఉండాలి. పిల్లలున్న ఇళ్ళకీ ఇదే నియమం: వాడనప్పుడు అన్ని స్ప్రింగులూ తగిలించి ఉంచండి, క్యారేజ్ కదలదు, వేళ్ళు నలగవు.

ధరల సంగతి. ఇక్కడ తయారయ్యే చెక్క ఫ్రేమ్ రిఫార్మర్లు లక్షా, లక్షన్నర దగ్గర మొదలవుతున్నాయి. చెక్క పని మనవాళ్ళు బాగానే చేస్తున్నారు. స్ప్రింగులు, చక్రాలు ఎక్కడివో, విడిగా అమ్ముతారో లేదో మాత్రం అడగాల్సిందే. మంచి తయారీదారు స్ప్రింగు ధర విడిగా చెప్పగలడు. "అవి పాడవ్వవండీ" అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. పెద్ద విదేశీ కంపెనీల స్టూడియో మిషన్లు ఇక్కడికి చేరేసరికి నాలుగైదు లక్షలు దాటుతాయి. ఇంటికి అంత అవసరం లేదు.

అన్నయ్యగారి విషయం: ప్యాకింగ్‌తో కలిపితే సరుకు బరువు క్వింటాలు దాకా తేలుతుంది. విమానంలో లగేజీగా రాదు, ఓడలో రావాలి. కస్టమ్స్, పోర్టు ఛార్జీలు, ఇక్కడ మళ్ళీ లారీ. వచ్చాక ఒక చక్రం విరిగితే మళ్ళీ డల్లాస్‌కే ఫోన్ చేయాలి. ఆయన్ని ఏదో ఒకటి అడగాలనుంటే, ముందు ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో విదేశీ కంపెనీ మిషన్ కొని, దానికి అదే కంపెనీ కొత్త స్ప్రింగులు, తాళ్ళు వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెమ్మనండి. మోడల్ పేరు, సీరియల్ నంబర్ ఫోటో తీసి పంపండి. ఒక కంపెనీ స్ప్రింగు ఇంకోదానికి కొక్కెం పట్టినా బిగువు కుదరదు.

నిజానికి మీ బడ్జెట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే దారి ఈ సెకండ్ హ్యాండే. హైదరాబాద్‌లో స్టూడియోలు తెరుస్తుంటారు, మూస్తుంటారు, కొందరు పాతవి తీసేసి కొత్తవి తెచ్చుకుంటారు. రోజుకి ఎనిమిది గంటలు నడిచినా తట్టుకునేలా చేసిన మిషన్‌కి మీ ఇంటి వాడకం ఒక లెక్క కాదు. రెక్సిన్ చిరిగితే సోఫాలు కుట్టేవాళ్ళే మార్చేస్తారు. చక్రాలు మారతాయి, తాళ్ళు మారతాయి. పట్టా మీద గోరు పెట్టి రాస్తే గాడి తగిలితే మాత్రం వద్దు, అది మారదు. స్ప్రింగులు ఎప్పుడు మార్చారని అడగండి, సమాధానం ఏదైనా సరే, కొత్త సెట్టు ఖర్చు ధరలోంచి తగ్గించుకుని బేరమాడండి.

కొందరు ఫోటో చూపించి "మా వడ్రంగి టేకుతో ఇంతకన్నా బాగా చేస్తాడండీ" అంటారు. బాక్స్ చేయించండి, బ్రహ్మాండంగా చేస్తాడు. మిషన్ వద్దు. స్ప్రింగు తగిలించే కొక్కెం చెక్కలోంచి ఊడితే అది నేరుగా మనిషి మీదకే వస్తుంది.

చోటు బొత్తిగా కుదరకపోతే వుండా చెయిర్ అని ఒకటుంది. కుర్చీ అంత చోటు చాలు. చూడ్డానికి చిన్నదే గానీ చేయడం రిఫార్మర్ కన్నా కష్టం, ఆనుకోవడానికి ఏమీ ఉండదు. మీ ఇంటికి అది పనికిరాదు, ముఖ్యంగా అత్తగారికి.

యాక్సెసరీలు. ఇక్కడే డబ్బు ఎక్కువ వృథా అవుతుంది. నా వరస ఇదీ. బాక్స్ మొదటిది. కూర్చుని చేసేవీ, బోర్లా పడుకుని తాళ్ళు లాగేవీ అది లేకుండా కుదరవు. మిషన్‌తో పాటే కొంటే భుజాల దిమ్మలకి సరిగ్గా ఆని కదలకుండా కూర్చుంటుంది. వడ్రంగి చేసేదైతే ఆయన్ని ఇంటికి పిలిచి మిషన్ మీదే కొలతలు తీయించండి. తర్వాత, అరికాలు జారకుండా రబ్బరు చుక్కలుండే గ్రిప్ సాక్స్ మనిషికి రెండు జతలు. కాళ్ళకి తగిలించుకునే మెత్తటి లూపులు మిషన్‌తో వచ్చినవి గరుకుగా ఉంటే మార్చండి. చాప ఒకటి, 10 నుంచి 15 మిల్లీమీటర్ల మందం ఉండాలి. యోగా మ్యాట్ పలచన, వెన్ను మీద దొర్లేటప్పుడు ప్రతి పూసా నేలకి తగులుతుంది. తొమ్మిది అంగుళాల మెత్తటి బంతి ఒకటి, సగం గాలితో, మోకాళ్ళ మధ్యనో నడుము కిందో పెట్టుకోవడానికి. ఇది మూడు నాలుగొందలకే వస్తుంది, అత్తగారికి చాలా ఉపయోగం.

మ్యాజిక్ సర్కిల్, అంటే చేతుల మధ్యనో కాళ్ళ మధ్యనో పెట్టి నొక్కే రింగు, ఆర్నెల్ల తర్వాత చూసుకోవచ్చు. జంప్‌బోర్డ్, అంటే ఫుట్‌బార్ వైపు బిగించి పడుకుని కాళ్ళతో తన్ని గెంతే పలక, అందరికీ సరదా. కానీ ఫ్లాట్‌లో పొద్దున్నే ఆరింటికి దాని మీద గెంతితే కింది ఫ్లాట్‌వాళ్ళు పైకి వస్తారు. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళకీ, దగ్గితే మూత్రం జారే ఇబ్బంది ఉన్నవాళ్ళకీ అది కూడదు. టవర్ (మిషన్ చివర నిలువుగా బిగించే చట్రం), దాని మీది కడ్డీలు, అవన్నీ ఇప్పుడు అక్కర్లేదు. పన్నెండు వస్తువులు ఉచితం అని ఇస్తే అందులో పది అటక ఎక్కుతాయి.

పక్కన పెట్టమన్న పాతిక వేలలో బాక్స్, ఈ చిన్నవి పోగా మిగిలిన డబ్బుతో మీ స్టూడియో టీచర్‌నే ఇంటికి పిలిచి కొన్ని క్లాసులు చెప్పించుకోండి, మీ ముగ్గురికీ విడివిడిగా. మీ మిషన్ మీద, మీ స్ప్రింగులతో. స్టూడియోలో టీచర్ స్ప్రింగులు మారుస్తుంటే చేసిన మనిషి, ఇంట్లో ఒంటరిగా చేసినప్పుడు ఎక్కడ తడబడుతుందో అప్పుడే తెలుస్తుంది.

సంరక్షణ పెద్ద పనేం కాదు. వారానికోసారి పట్టాలు పొడిగుడ్డతో తుడవాలి, చక్రాలకి జుట్టు చుట్టుకుని ఉంటే తీయాలి. మన ఇళ్ళల్లో జుట్టు బాగా చుట్టుకుంటుంది. పట్టాలకి కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోయకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. చప్పుడొస్తే కంపెనీ చెప్పిన సిలికాన్ స్ప్రే మాత్రమే. రెక్సిన్ మీద శానిటైజర్ కొట్టకూడదు, స్పిరిట్‌కి ఎండి పగుళ్ళిస్తుంది. తడిగుడ్డ, రెండు చుక్కల మెత్తటి సబ్బు చాలు.

నెలకోసారి స్ప్రింగులు విప్పి వెలుతురులో చూడండి. వదులుగా ఉన్నప్పుడు చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. మధ్యలో సందు కనిపించినా, వంకర పోయినా, కొక్కెం దగ్గర అరిగి సన్నబడినా ఆ రోజే తీసి పక్కన పెట్టండి. మాకు విశాఖలో సముద్రపు గాలికి తుప్పు గొడవ ఎక్కువ, వాడిన ప్రతిసారీ తుడుస్తాం. హైదరాబాద్‌లో మీకు ఆ బెడద తక్కువ. స్టూడియోల్లో రెండేళ్ళకోసారి స్ప్రింగులన్నీ మార్చడం ఆనవాయితీ. ఇంటి వాడకానికి కొంచెం ఎక్కువే వస్తాయి గానీ, బాగున్నాయి కదా అని ఐదారేళ్ళు లాగించకండి.

ఇప్పుడు మీ లెక్క. 900 చొప్పున వారానికి మూడంటే ఏడాదికి లక్షా నలభై వేలు, మిషన్ డబ్బు ఏడాదిలో వచ్చేస్తుందన్నది లెక్కకి సరే. కానీ ఆ లెక్క ఇంట్లో నిజంగా వారానికి మూడుసార్లు చేసేవాళ్ళకే. ఆర్డర్ పెట్టేముందు ఒక నెల పాటు, ఏ వేళకి ఇంట్లో చేద్దామనుకుంటున్నారో ఆ వేళకి చాప పరుచుకుని అరగంట చేసి చూడండి. చాప మీద ఏం చేస్తాం అనుకోకండి. 1945లో జోసెఫ్ పిలాటిస్ అచ్చువేయించిన వరసలోని 34 వ్యాయామాలూ చాప మీదివే. కుక్కర్ విజిల్, డోర్‌బెల్, ఆఫీస్ కాల్ అన్నిటి మధ్యా ఆ అరగంట నిలబడితే మిషన్ కొనండి. నిలబడకపోతే స్టూడియోకే వెళ్ళండి, అక్కడ మీకు దొరికేది ఇంట్లోంచి బయటపడే ఆ గంట కూడా. మిషన్ కొన్నా మొదటి కొన్ని నెలలు వారానికి ఒక క్లాసు ఉంచుకోండి. ఒంటరిగా చేసేటప్పుడు భుజాలు చెవుల దాకా ఎప్పుడు లేచాయో మనకి తెలియదు.

రంగు ముదురుదే తీసుకోండి. లేత బూడిదరంగు ఫోటోల్లో బాగుంటుంది, తలకి రాసుకున్న నూనె మరక హెడ్‌రెస్ట్ మీద నెలకే కనిపిస్తుంది. లేతదే కావాలంటే హెడ్‌రెస్ట్ మీద వేసుకోవడానికి నాలుగు నేప్కిన్లు కుట్టించుకోండి.